దానిమ్మ తొక్కల రంగు

మరగదం అక్క చేసే ఉద్యోగానికి పేరేమిటో మా కంపెనీలో ఎవరికీ సరిగ్గా తెలియదు. హాజరు పుస్తకంలో ‘చెకింగ్’ అని ఉంటుంది. నిజానికి ఇరవై ఏళ్ళుగా ఆమె చేసే పని ఒక్కటే. రంగుల ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బనీను గుడ్డ చుట్టల్లో ఒక్కోదాన్నుంచి ఒక్కో ముక్క కత్తిరించి, ఉత్తరం వైపు కిటికీ కింద ఉన్న బల్ల మీద పరిచి, ఏది దేనితో కలుస్తుందో, ఏది కలవదో చెబుతుంది. ఒకేసారి ఒకే తొట్టిలో రంగు వేసిన గుడ్డని మేం ‘లాట్’ అంటాం. ఆమె కలవదంటే ఆ చుట్ట పక్కకి పోవలసిందే. రంగులు కొలిచే మెషిన్లు తిరుప్పూరులో అందరి దగ్గరా ఉన్నట్టే మా దగ్గరా ఉన్నాయి. మెషిన్ ఒకటి చెప్పి మరగదం అక్క ఇంకొకటి చెబితే, రంగులు వేయించే మా డైయింగ్ మాస్టర్ దొరైసామి మెషిన్‌నే ఇంకోసారి ఆన్ చేసి చూస్తాడు.

ఆమెది తిరుప్పూరు పక్కనున్న ఊత్తుక్కుళి. పదిహేనో ఏట రోజూ పొద్దున రైలెక్కి వచ్చి, బనీన్లకు వేలాడే దారాలు కత్తిరించే పనిలో చేరింది. రెండేళ్ళ తర్వాత ఒకరోజు ఒక బనీనూ, దానికి కుట్టబోయే కాలరూ చేత్తో పట్టుకుని సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళి, “ఇవి రెండూ ఒక తల్లి పిల్లలు కావు సార్” అందట. ఆయన ట్యూబ్‌లైటు కింద పెట్టి చూసి, “పని ఎగ్గొట్టడానికి కథలు చెప్పకు, పోయి కూర్చో” అన్నాడు. ఆ సరుకు విదేశం వెళ్ళి, సరిగ్గా అదే కారణంతో వెనక్కి వచ్చింది. ఆ తర్వాత ఆమెను కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. నేను ప్యాకింగ్ సెక్షన్‌లో చేరేనాటికే ఆ బల్ల ఆమెది. 

నిరుడు అక్టోబరులో మా కంపెనీకి ఒక చిక్కు వచ్చింది. మా దగ్గర పిల్లల బట్టలు కొనే ఇస్తాంబుల్ కంపెనీవాళ్ళు, మేం పంపిన మెరూన్ చొక్కాల్లో ఒంటికీ చేతుల అంచులకీ రంగు కలవలేదని, సరుకు తీసుకోబోమని రాశారు. ఫోటోలు అటు వెళ్ళాయి, ఇటు వచ్చాయి. ఫోటోల్లో రంగు ఎవరికి తేలుతుంది? మనిషి వెళ్ళి చూడవలసిందే. వెళ్ళవలసిన దొరైసామి మాస్టర్ మోకాలి ఆపరేషన్ చేయించుకుని కోయంబత్తూరులో పడుకుని ఉన్నాడు. ఆర్డర్లు చూసే వెణ్మతి అనే అమ్మాయికి ఇంగ్లీషు వచ్చు, లెక్క తెలుసు, కానీ రంగు పట్టే కన్ను లేదు. ఆ మాట ఆ అమ్మాయే ఒప్పుకుంటుంది.

మా ఓనరు సెంగోట్టువేల్ మరగదం అక్కని గదిలోకి పిలిచాడు.

“అక్కా, మీకు పాస్‌పోర్టు ఉందా?”

“ఉంది సార్. మలేషియాలో, పినాంగులో మా చిన్నాన్న కూతురి పెళ్ళికని తీశాం. పోలేదు.”

“అయితే ఇస్తాంబుల్ పోయి రండి.”

“అదెక్కడుంది సార్?”

“వెణ్మతికి తెలుసు. మాటలు ఆ పిల్ల మాట్లాడుతుంది. మీరు చూడండి, చాలు.”

ఇంట్లో ఈ సంగతి చెబితే ముందు ఎవరూ నమ్మలేదట. ఆమె భర్త కుమారసామి లోడ్ ఆటో నడుపుతాడు. నోరు ఊరుకోని మనిషి. “విమానంలో కిటికీ పక్క సీటడుగు. మబ్బులన్నీ ఒకే లాటో కాదో చూసి చెప్పు, పైవాడికి కూడా తెలియాలి” అన్నాడు. అత్తగారు రామాయాళ్‌కి ఎనభై దాటాయి. ఆమె మంచం మీంచే తన కోరిక చెప్పింది. “నాకు కాళ్ళకి మేజోళ్ళు తే. తెల్లారేసరికి పాదాలు మంచుముద్దలైపోతున్నాయి.”

“ఊరు ఊరంతా బనీన్లూ మేజోళ్ళూ అల్లే చోట ఉండి, మేజోళ్ళకి ఇస్తాంబుల్ పంపిస్తావా అమ్మా?” అన్నాడు కుమారసామి.

“ఇక్కడ అల్లేవన్నీ వేరేవాళ్ళ కాళ్ళకిరా. అక్కడిది చలి దేశం. వాళ్ళకి తెలుస్తుంది కాళ్ళ బాధ.”

అట్లా బయల్దేరారు ఇద్దరూ. అక్కడ జరిగిందంతా నేను తర్వాత భోజనాల గదిలో విన్నదే. మరగదం అక్క చెబుతుంటే వెణ్మతి మధ్యలో దూరేది, వెణ్మతి చెబుతుంటే “అట్లా కాదు అమ్మిణీ” అని అక్క దూరేది. అమ్మిణి అంటే మా వైపు చిన్న పిల్లల్ని ముద్దుగా పిలిచే మాట.

శుక్రవారం పొద్దున ఆ కంపెనీ ఆఫీసులో కూర్చున్నారు. సరుకు కొనే పని చూసే నెర్మిన్ గారు సన్నగా, పొడుగ్గా, నవ్వకుండా ఉండే మనిషి. బల్ల మీద మెరూన్ చొక్కాలు పరిచి, పెన్నుతో చేతుల అంచు చూపించి ఏదో అంది. మరగదం అక్క వంగి చూసింది. కలవలేదు. కంటికి స్పష్టంగా కలవలేదు. తను కిటికీ దగ్గర కూర్చుని ఒప్పుకున్న రంగే అది.

అప్పుడు తల ఎత్తి పైకప్పు చూసింది. గది నిండా కొత్త లైట్లు. కిటికీలకు తెరలు. “అమ్మిణీ, తెర తీయమని అడుగు” అంది. ఆ తెర ఎన్నాళ్ళుగా తీయలేదో, తాడు తెగి చేతికి వచ్చింది. చివరికి వాళ్ళ మనుషులు సిగరెట్లు కాల్చుకునే వరండాలోకి చొక్కాలు పట్టుకుపోయింది. మబ్బు పట్టిన పగటి వెలుతురులో ఒళ్ళూ అంచూ ఒకటైపోయాయి.

“వీళ్ళ లైటు అబద్ధం చెబుతోంది” అంది మరగదం అక్క. వెణ్మతి దాన్ని ఎంత మెత్తగా చెప్పిందో మనకు తెలియదు. నెర్మిన్ గారు మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. “జనం మా దుకాణంలో కొంటారు కానీ వరండాలో కొనరు కదా” అంది.

“నిజమే. దుకాణం చూపించమను.”

కింది అంతస్తులోనే దుకాణం. అక్కడి లైట్ల కింద కూడా కలిశాయి. తేడా అంతా ఆఫీసు గదిదే. ఇక పని అయిపోయిందని వెణ్మతి సంచి భుజాన వేసుకుంది. కానీ మరగదం అక్క పెట్టెల పక్కన కూర్చుండిపోయింది. ఒక్కొక్క పెట్టె విప్పించి, పైనుంచీ మధ్యలోంచీ తీసి చూస్తూ, ఒక పెట్టె మొత్తం పక్కకి నెట్టింది.

“ఇవి కలవలేదు. ఇది మా తప్పే.”

వెణ్మతి ఆమె మోచెయ్యి గిల్లింది. “అక్కా, వాళ్ళే పట్టుకోలేదు. మీరెందుకు తీసి ఇస్తున్నారు?”

“నా కంటికి కనపడింది కదా.”

“కనపడితే కళ్ళు మూసుకోండి!”

“ఎట్లా మూసుకోను? దీనికేగా తీసుకొచ్చావు నన్ను.”

వాళ్ళ వాదన నెర్మిన్ గారికి భాష లేకుండానే అర్థమైనట్టుంది. ఆ పెట్టె ఒక్కటీ పక్కన పెట్టించి, మిగతా సరుకంతా తీసుకుంటున్నట్టు అక్కడికక్కడే రాయించింది. సన్న నడుము గ్లాసుల్లో టీ తెప్పించింది. మరగదం అక్క టీ తాగే ముందు గ్లాసు కిటికీ వైపు ఎత్తి పట్టుకుని చూసిందట. అప్పుడు నవ్వింది నెర్మిన్ గారు.

తిరుగు విమానం సోమవారం. రెండు రోజులు చేతిలో ఉన్నాయి. వెణ్మతి ఫోన్లో పద్నాలుగు చోట్ల పేర్లు రాసుకుని, ఏది ఎన్నింటికి తెరుస్తారో ఎన్నింటికి మూస్తారో కూడా పెట్టుకుని వచ్చింది. శుక్రవారం సాయంత్రమే కొనడం మొదలుపెట్టింది. బస చేసిన వీధి చివర ఒక దుకాణంలో మెత్తటి తువ్వాళ్ళు చూసి ముచ్చటపడి ఆరు తీసింది. మరగదం అక్క అంచు తిప్పి కుట్టు చూసి, “అమ్మిణీ, ఇది మన కరూరు నేత” అంది.

“ఊరుకోండక్కా. ఇది టర్కీ తువ్వాలు. ప్రపంచమంతా కొంటుంది.”

అక్క మూల మడత విప్పి చూపించింది. గోరంత గుడ్డ ముక్క మీద మన దేశం పేరు ఉంది. వెణ్మతి ఆరింటినీ దుకాణంవాడి చేతిలో తిరిగి పెట్టేసింది. “మీతో బజారుకి రాకూడదు” అంది.

శనివారం పొద్దున పైకప్పు వేసిన పెద్ద బజారు చూసుకుని, దాని వెనక వాలుగా కిందికి దిగే వీధిలోకి వచ్చారు. ఊళ్ళో జనమంతా తక్కువ ధరకు బట్టలు కొనుక్కునే వీధి అది. మన కాదర్‌పేట బట్టల బజారులో దీపావళి ముందు ఆదివారం ఎట్లా ఉంటుందో అట్లా ఉందట. మేజోళ్ళు ఇక్కడే దొరుకుతాయని బసలో చెప్పారు. మధ్యలో ఒక మేడమీది తోలు జాకెట్ల దుకాణం వెణ్మతి కంట్లో పడింది.

“అక్కా, పది నిమిషాలు. మీరు ఈ గుమ్మం దగ్గరే ఉండండి. కదలొద్దు. మీ ఫోను ఇక్కడ పనిచెయ్యదు, గుర్తుందా?”

“కదలను, పో.”

ఆమె అక్కడే నిలబడింది. నూలు చీర, దానిమీద కుమారసామి స్వెట్టర్, కాళ్ళకు కూతురిచ్చిన కాన్వాసు బూట్లు. ఎదురుగా ఒకడు పనసగింజల్లాంటివేవో నిప్పుల మీద కాల్చి అమ్ముతున్నాడు. ఆ పొగలోంచి ఏడుపు వినిపించింది.

“అన్నే! అన్నే!”

నాలుగేళ్ళ పాప. చేతిలో సగం కొరికిన గుండ్రటి నువ్వుల రొట్టె. జనం కాళ్ళ మధ్య గుండ్రంగా తిరుగుతూ, అందరి మొహాలూ చూస్తూ, “అన్నే” అని ఏడుస్తోంది. మా వైపు అన్నను పిలిచేది కూడా అట్లాగే. ఇంత దూరం వచ్చి తమిళం వింటున్నానా అనుకుంది మరగదం అక్క. రెండడుగుల్లో వెళ్ళి పాపను పట్టుకుంది.

“ఏడవకు కన్నూ. అన్న ఎక్కడికి పోయాడు? ఇక్కడే ఉంటాడు. చూద్దాం దా.”

పాపకు ఆమె మాట అర్థం కాలేదు, కానీ చీర కుచ్చిళ్ళు గట్టిగా పట్టుకుంది. మరగదం అక్క ఆ చుట్టుపక్కల కనబడిన మగపిల్లలందర్నీ ఆపి, పాపను చూపించి, “నీ చెల్లెలా? నీ చెల్లెలా బాబూ?” అని అడగడం మొదలుపెట్టింది. ఒకడు భయపడి పారిపోయాడు. ఒకడు తన దగ్గరున్న చాక్లెట్ పాప చేతిలో పెట్టి పోయాడు. గింజలు కాల్చేవాడు గట్టిగా ఏదో అడిగాడు. ఇంకో ఇద్దరు పోగయ్యారు. ఏడుస్తున్న పాప, పట్టుకున్నది పరాయి దేశపు మనిషి. వాళ్ళ గొంతుల్లో అనుమానం ఆమెకు తెలుస్తూనే ఉంది. చేతులతో ఎంత చెప్పినా లాభం లేకపోయింది. ఒకడు ఫోను తీశాడు. పోలీసుల్ని పిలుస్తున్నాడని అనిపించింది. పిలిస్తే మంచిదే కదా అనుకుని పాపను దగ్గరికి తీసుకుంది.

అప్పుడు ఆమె పాప ఒంటి మీది స్వెట్టర్‌ని చూసింది.

చేత్తో అల్లినది. ఆ రంగు ఆమెకు పేరు తెలిసిన రంగు కాదు. ఎండిన వేపాకు మీద పసుపు చల్లి, దానిమీద కాస్త బూడిద ఊదితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. అన్నిచోట్లా ఒక్క తీరుగా లేదు. భుజం దగ్గర ముదురు, కిందికి వచ్చేకొద్దీ లేత. “ఇది ఫ్యాక్టరీలో వేసింది కాదు. ఇంట్లో గిన్నెలో వండింది” అనుకుంది. ఇంట్లో రంగు వేసి అల్లుకునే తల్లి ఒక్క పాప స్వెట్టర్‌తో ఆపదు. మిగిలిన ఊలుతో తనకూ ఏదో అల్లుకునే ఉంటుంది.

పాపను చంకనెత్తుకుని పక్క దుకాణం మెట్లెక్కింది. వాలు వీధి కిందిదాకా కనపడుతోంది. వేల తలలు. నల్ల కోట్లు, బూడిద కోట్లు, పూల రుమాళ్ళు. ఆమె మొహాలు చూడలేదు. తెలియని మొహాలు చూసి ఏం లాభం? బల్ల మీద పరిచిన ముక్కల్ని చూసినట్టు వీధినంతా ఒకసారి చూసింది. రెండోసారి చూసింది. దూరంగా, మలుపు దగ్గర, ఆ రంగే. ఒక మెడ చుట్టూ శాలువా. అది పైకి రావడం లేదు. గబగబా కిందికి పోతోంది.

“ఇదిగోమ్మా! ఓయమ్మా! ఆగు!” అని తమిళంలో అరుస్తూ పరుగెత్తింది. చంకలో పాప, వెనక గింజలవాడూ ఇంకో నలుగురూ. దారిలో జనం తప్పుకున్నారు. ఎవరు ఆపారో ఏమో, శాలువా మనిషి వెనక్కి తిరిగింది.

“అన్నే!” అని పాప ఆమె మీదికి దూకింది.

ఆ తల్లి నేల మీద కూర్చుండిపోయి పాపను అదుముకుంది. వీపు మీద ఒక దెబ్బ వేసింది. వెంటనే ఆ దెబ్బ మీద ముద్దు పెట్టుకుంది. తర్వాత మరగదం అక్క రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంటూ ఏడ్చింది. ఈమె కూడా ఏడ్చింది. గింజలవాడు కాగితం పొట్లం నిండా వేడి గింజలు తెచ్చి మరగదం అక్క చేతిలో పెట్టి, తల వంచి వెళ్ళిపోయాడు.

వెణ్మతి వచ్చేసరికి వాళ్ళు మెట్ల మీద పక్కపక్కన కూర్చుని ఆ గింజలు తింటున్నారు.

“అక్కా! కదలొద్దన్నానా లేదా? వీధంతా పిచ్చిదానిలా తిరిగాను! తిరుప్పూరులో కుమారసామన్నకి నేనేం చెప్పుకోవాలి?”

“అరవకు. పాప వాళ్ళన్న తప్పిపోయాడని…”

వెణ్మతి ఫోను తల్లి మాటల్ని ఇంగ్లీషు చేసింది, ఆ ఇంగ్లీషును వెణ్మతి తమిళం చేసింది. ఆ తల్లి పేరు ఫిలిజ్, పాప జెరెన్. స్వెట్టర్లు అల్లి ఆ వీధిలో ఒక దుకాణానికి ఇస్తుంది. సరుకు లోపల ఇచ్చి బయటికి వచ్చేసరికి పాప లేదు. “పాపకి అన్న లేడట అక్కా. అన్నే అంటే వీళ్ళ భాషలో అమ్మ” అంది వెణ్మతి.

“అయ్యో! వీధిలో మగపిల్లలందర్నీ పట్టుకుని అడిగానే!” అని మరగదం అక్క నవ్వు మొదలుపెడితే ఆపుకోలేకపోయింది. ఫిలిజ్‌కి ఆ సంగతి చెప్పాక ఆమె కూడా పొట్ట పట్టుకుని నవ్వింది.

ఫిలిజ్ ఇల్లు నీళ్ళకు అవతల, ఉస్కుదార్‌లో. వచ్చి భోంచేసి వెళ్ళాల్సిందేనని చెయ్యి వదలలేదు. వెణ్మతి గడియారం చూసుకుంది. మధ్యాహ్నం రాజుగారి కోట చూడాలని పెట్టుకుంది.

“నువ్వు కోటకి పో అమ్మిణీ. నేను వీళ్ళతో పోయి సాయంత్రానికి వచ్చేస్తా.”

“మళ్ళీ మిమ్మల్ని ఒక్కర్నే వదిలేస్తానా? పదండి, పదండి. కోట ఎక్కడికీ పోదు. ఐదొందల ఏళ్ళ పైనుంచీ అక్కడే ఉంది.” మాట అట్లా అంది కానీ, మొహం మాత్రం ముడుచుకునే ఉంది.

పడవ ఎక్కారు. బస్సులా జనం ఎక్కి దిగే పెద్ద పడవ. మరగదం అక్క అంతకుముందు సముద్రం చూసింది ఒక్కసారే, రామేశ్వరంలో, అదీ తల మీద నీళ్ళు పోసుకునే హడావుడిలో. ఇక్కడ కమ్మీ పట్టుకుని నిలబడింది. పాప తన రొట్టె తుంచి ఆమె చేతికిచ్చి, గాల్లోకి ఎట్లా విసరాలో చూపించింది. తెల్లటి పక్షులు గాల్లోనే అందుకుంటున్నాయి. ఒడ్డు దగ్గర నీళ్ళు ఒక రంగు, మధ్యలో ఇంకొకటి, పడవ వెనక నురగ కింద మరొకటి. ఆమె వాటినే చూస్తూ నిలబడిందట. వెణ్మతి ఫోటో తీస్తానంటే కూడా ఇటు తిరగలేదు. ఆ అమ్మాయి దగ్గరున్న ఫోటోలో మరగదం అక్క వీపూ, ఎగిరే కొంగూ మాత్రమే ఉన్నాయి.

మూడో అంతస్తులో చిన్న ఇల్లు. ఫిలిజ్ భర్త ఓడలో వంటవాడు, ఇంట్లో తక్కువ ఉంటాడు. మన పప్పుచారు లాంటిదే ఒకటి పెట్టింది, నిమ్మకాయ పిండి. మరగదం అక్క మూడుసార్లు పోయించుకుంది. తిన్నాక వెణ్మతి సోఫాలో ఒరిగి నిద్రపోయింది. ఆ ఇంటి పిల్లి ఆమె కాళ్ళ మీద ఎక్కి పడుకుంది.

పొయ్యి మీద ఒక స్టీలు గిన్నె ఉంది. మూత తీసి ఫిలిజ్ నిట్టూర్చింది. పక్కన బుట్టలో ఎండిన దానిమ్మ తొక్కలు. ఆ స్వెట్టర్ రంగు వీటిదేనన్నమాట. కానీ గిన్నెలో ఊలు వట్టి పసుపుగా ఉంది. వెణ్మతిని లేపి అడిగించింది మరగదం అక్క.

“నిరుడు ఊళ్ళో మా అమ్మ ఇంట్లో వండాను. స్వెట్టర్‌కీ శాలువాకీ సరిపోయింది. ఇక్కడికొచ్చి ఎన్నిసార్లు వండినా ఆ రంగు రావడం లేదు. అవే తొక్కలు, అదే ఊలు” అంది ఫిలిజ్.

“వాళ్ళమ్మ గిన్నె ఏ లోహమో అడుగు.”

నల్లటి పాత ఇనప బాన. మరగదం అక్క తొడ మీద చరుచుకుంది. “చెప్పు అమ్మిణీ, మా ఊళ్ళో బోరు నీళ్ళలో ఇనుము ఉంటే రంగులన్నీ ఇట్లా బూడిదగా చచ్చిపోతాయని. మాకు అదే పెద్ద తలనొప్పి. ఈమెకి కావలసింది ఆ చావే.”

వెణ్మతి ఆవలిస్తూనే చెప్పింది. ఫిలిజ్ పరుగున పోయి వరండాలో మూలనున్న తుప్పు మేకులు గుప్పెడు తెచ్చింది. గుడ్డలో మూట కట్టి గిన్నెలో వేశారు. ఇద్దరూ గిన్నె మీద వంగి నిలబడ్డారు. నీళ్ళు ముందు నల్లబడ్డాయి. కాసేపటికి గరిటెతో ఊలు పైకి తీసి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, పాప స్వెట్టర్ పక్కన పట్టుకున్నారు. ఫిలిజ్ ఆశగా చూసింది. మరగదం అక్క తల అడ్డంగా ఊపి, చేత్తో ‘ఇంకాస్త’ అని చూపించింది. మళ్ళీ గిన్నెలో వేశారు. మూడోసారి తీసినప్పుడు తల నిలువుగా ఊపింది.

వచ్చేటప్పుడు ఫిలిజ్ ఒక జత ఊలు మేజోళ్ళు ఇచ్చింది, మోకాళ్ళదాకా వచ్చేవి. డబ్బు తీస్తే కోపం చేసుకుంది.

ఆదివారం వెణ్మతి రోజు. “ఈ రోజు నేనెక్కడికి తీసుకెళ్తే అక్కడికి రావాలి. ఎవరి పిల్లలు ఏడ్చినా మనకనవసరం” అని ముందే మాట తీసుకుంది. కోటలో వరసలో రెండు గంటలు నిలబడ్డారు. వజ్రాలు చూశారు, కత్తులు చూశారు, బంగారు ఉయ్యాల చూశారు. మరగదం అక్క అన్నిటికీ తల ఊపింది. పాత రాజుల అంగీలున్న గదిలో మాత్రం ఆగిపోయింది. గాజు బీరువాలో ఒక ఎర్రటి పట్టు అంగీ. అటు నుంచి చూసింది, ఇటు నుంచి చూసింది. ముందు గదిలోకి పోయిన వెణ్మతి తిరిగి వచ్చేసరికి గాజుకు ముక్కు ఆనించి ఉంది. కాపలావాడు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“అక్కా, రండి. ఇంకా ఎనిమిది గదులున్నాయి.”

“చూడు అమ్మిణీ, ఎడమ చేతికీ ఒంటికీ లాట్ వేరు.”

“నాలుగొందల ఏళ్ళయిందక్కా దానికి! వెలిసిపోయి ఉంటుంది.”

“వెలిస్తే అంతా వెలుస్తుంది. చెయ్యి ఒకటే వెలుస్తుందా? గుడ్డ చాలక వేరే చుట్టలోంచి కోశారు.” గాజు మీంచి ముక్కు తీసి, “పాపం, రాజుకి చెప్పే ధైర్యం ఎవరికుంటుంది?” అంది.

వెణ్మతి కూడా వంగి చూసింది. ముందు ఏమీ కనపడలేదు. “కళ్ళు చిన్నవి చేసి, అంగీని చూడకుండా, కుట్టు ఉన్న చోటే చూడు” అంది అక్క. అప్పుడు కనపడింది. నాలుగేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి తనకు తేడా కనపడిందని ఆ అమ్మాయి ఇప్పటికీ చెబుతుంది. మిగతా ఎనిమిది గదులూ వాళ్ళిద్దరూ చూడలేదు. అంగీల గదిలోనే, కోట మూసేదాకా, ఒక్కొక్క బీరువా దగ్గరా ఆగి చూశారు.

మేజోళ్ళు చూసి రామాయాళ్ ముసలమ్మ మొదటిరోజు “గుచ్చుకుంటున్నాయే” అని సణిగింది. రెండోరోజు పగలు కూడా తీయలేదు. చలికాలపు మార్గళి నెల పోయి ఎండలు ముదిరాక కూడా వేసుకునే ఉందని కుమారసామి అందరికీ చెప్పి నవ్వుతాడు. ఫిలిజ్ నెలకోసారి వీడియో ఫోను చేస్తుంది. ఒకరి భాష ఒకరికి రాదు. ఆమె కిటికీ దగ్గర ఊలు చుట్ట ఎత్తి చూపిస్తుంది, ఈమె తల ఊపుతుంది, లేదా ఊపదు.

జనవరిలో ఆ కంపెనీ నుంచి మళ్ళీ ఆర్డరు వచ్చింది, పోయినసారి కంటే పెద్దది. దాంతోపాటు నెర్మిన్ గారి ఉత్తరం ఒకటి. సరుకుతో పంపే రంగుల కార్డు మీద ఇకనుంచి మరగదం గారి సంతకం ఉండాలని అందులో రాసింది. అప్పటిదాకా ఆ సంతకం దొరైసామి మాస్టర్ చేసేవాడు. ఆయన అప్పుడే కర్ర ఊతంతో పనిలోకి వస్తున్నాడు. ఆ ఆర్డరు సరుకు లారీ ఎక్కే రోజు, కార్డు బల్ల మీద పెట్టి ఓనరు ఉత్తరం చదివి వినిపిస్తే గదిలో ఎవరూ మాస్టర్ మొహం చూడలేదు.

ఆయన కర్రతో నేల మీద ఒక గీత గీశాడు. “నేను మోకాలు కోయించుకోడానికి పోతే, నువ్వు నా సంతకం కోసేశావు కదమ్మా!” అన్నాడు.

“నేనడగలేదు సార్.”

“అడిగితే ఇచ్చేవాణ్ణి కాదులే.” లేచి, కుర్చీ ఆమె వైపు జరిపాడు. “కూర్చో. ఏ భాషలో పెడతావు?”

“నాకొచ్చింది తమిళమే కదా సార్.”

“తమిళంలోనే పెట్టు. కుంచించుకుపోకుండా, గడి నిండేలా రాయి.”

బయట లారీ హారన్ కొడుతోంది. నేను అట్టపెట్టెలకు టేపు వేయించకుండా, కార్డు కోసం గుమ్మంలో నిలబడి ఉన్నాను. “అక్కా, కొంచెం తొందరగా” అన్నాను. ఆమె తలెత్తకుండా ఎడమ చెయ్యి ఎత్తి నన్ను ఆగమంది. ఒక్కొక్క అక్షరం నిదానంగా రాసింది. రాసి, సిరా ఆరేదాకా ఊది, అప్పుడు ఇచ్చింది.